మూడో పెట్టె పక్కన బల్ల

మా పెళ్ళయిన మర్నాడే మావయ్య పొలంలో విత్తనం చల్లారు. అందుకని నాకు లెక్కలన్నీ తేలిక. వరి వయసుకి ఒకటి కలిపితే నా కాపురం వయసు వచ్చేస్తుంది. నమూనాల కాగితం మీద "విత్తిన పద్నాలుగో రోజు" అని రాస్తూ, మనసులో "పదిహేను" అనుకుని నవ్వుకునేదాన్ని. వరి పిలకలు వేసేసరికి అత్తయ్య వంటింట్లో చేపలు ఊరేసిన ఉప్పునీళ్ళ జాడీ ఎక్కడుంటుందో నాకు తెలిసింది. దుబ్బు కట్టేసరికి, మా ఆయన లామ్ గురక పెట్టడని, నిద్రలో సైకిలు తొక్కుతాడని తెలిసింది. వరీ నేనూ బాగానే ఎదుగుతున్నాం అనుకున్నాను.

నా ఉద్యోగం పొలాలు వదిలే గాలిని కొలవడం. నీళ్ళు నిలిచిన మడిలో బురదకి ఊపిరాడదు. ఊపిరాడని బురద మీథేన్‌ని వదులుతుంది. అది పైకి పోయి భూమికి దుప్పటి కప్పినట్టు వేడిని ఆపేస్తుంది. మధ్యమధ్యలో మడిని ఆరనిస్తే ఆ గాలి తగ్గుతుంది, వరికి నష్టమూ ఉండదు. ఇదంతా నేను మావయ్యకి ఎప్పుడు చెప్పానంటే, తమలపాకులూ వక్కలూ పళ్ళేల్లో పెట్టుకుని నన్ను అడగడానికి మా ఇంటికి వచ్చిన రోజున. "ఏం చేస్తుంటావమ్మా?" అని ఆయన మర్యాదకి అడిగారు. నేను అరగంట చెప్పాను. బల్ల కింద మా అమ్మ నా కాలు తొక్కుతూనే ఉంది. అంతా విని మావయ్య టీ గ్లాసు కింద పెట్టి, "పిల్ల బురద గురించి ఇంత ముచ్చటగా చెబుతోంది. మా ఇంట్లో బురదకి లోటు లేదు. పంపించండి" అన్నారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. ఇంటి వెనక మడిని పరీక్షకి ఇచ్చారు. అందులో చిల్లుల గొట్టాలు పాతించారు. గొట్టంలో నీరు మట్టికి జానెడు కిందికి దిగేదాకా మళ్ళీ తడి పెట్టకూడదు. పక్క మడి ఏడో బాబాయిది. మా వైపు మనుషుల్ని పుట్టిన వరసని బట్టి పిలుస్తారు కాబట్టి ఆయన ఏడో బాబాయి, మావయ్య ఊరందరికీ నాలుగో అన్న, మా ఆయన ఆఖరివాడు కాబట్టి చిన్నోడు, నేను చిన్నోడి పెళ్ళాన్ని. ఏడో బాబాయి మడిలో ఏడాదంతా నీళ్ళు నిండుగా ఉంటాయి. రెండు మళ్ళలోనూ మూడేసి పెట్టెలు పెట్టి, ఏ మడి ఎంత గాలి వదులుతోందో పోల్చడం నా పని.

"మడి ఎండబెట్టి వరి పండిస్తాడంట! నాలుగో అన్నా, వచ్చే కార్తెకి చేపల్ని చెట్టెక్కిస్తావా?" అని ఏడో బాబాయి గట్టు మీంచి అరిచేవాడు.

"కోడలు కొలుస్తోందిగా, చూద్దాం" అనేవారు మావయ్య. ఆయన ఎక్కువ మాట్లాడరు. కానీ మాట్లాడిన ఒక్కసారీ పెద్ద మాటే మాట్లాడారు. రైతుల సమావేశంలో అందరి ముందూ, "నా మడిలో గాలి తగ్గకపోతే గొట్టాలు నేనే పీకేస్తాను, మోటారు పెట్టి నిండా నీళ్ళు నింపేస్తాను. తగ్గితే వచ్చే పంటకి మీరంతా నాతో రావాలి" అన్నారు. ముప్పై రెండు ఇళ్ళవాళ్ళు సరేనన్నారు. ఆయన నమ్మింది గొట్టాల్ని కాదు, నన్ను.

ప్రతి మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి పని మొదలు. మట్టిలో పాతిన చట్రాల మీద నడుమెత్తు ప్లాస్టిక్ పెట్టెలు బోర్లిస్తాను. గాజులా లోపలిదంతా కనిపిస్తుంది. చిన్న ఫ్యాను గిరగిర తిరుగుతుంటుంది, నాలుగు వరి దుబ్బులు ఫోటోకి నిలబడ్డట్టు బిగుసుకుని ఉంటాయి. పెట్టె పెట్టగానే ఒకసారి, పదో నిమిషంలో, ఇరవయ్యో నిమిషంలో, ముప్పయ్యో నిమిషంలో సిరంజితో గాలి లాగి గాజు సీసాల్లోకి ఎక్కించాలి. నాలుగు సీసాల్లోనూ గాలి ఒకే తీరున పెరుగుతూ పోవాలి. కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే తిన్నని గీత రావాలి.

ఈ పనిలో మొదటి నియమం, మడిలో కాలు పెట్టకూడదు. తొక్కితే బురద అడుగున దాక్కున్న గాలంతా బుడగలై ఒక్కసారే పైకి తన్నుకొస్తుంది. అందుకే పలకల దారి మీద నడవాలి. పడవలు బాగుచేసే మొగుడుండగా వేరే వడ్రంగి ఎందుకని, కొలతలు గీసి లామ్‌కి ఇచ్చాను. ఒక మనిషి పట్టేంత వెడల్పు, పెట్టెలకి రెండు మూరల ఎడం. లామ్ అన్నీ కాగితంలో ఉన్నట్టే చేశాడు. ఒక్కటి మాత్రం చేర్చాడు. దారి చివర, మూడో పెట్టె పక్కన, నాలుగు వెదురు కాళ్ళ మీద ఇద్దరు కూర్చునే బల్ల.

"ఇదెందుకు బావా?" అన్నాను.

"పెళ్ళి కానుక. గొలుసులు అందరూ ఇస్తారు, బల్ల ఎవరిస్తారు?"

కూర్చుంటే బల్ల కొద్దిగా ఊగుతుంది. ఆ ఊపుకి నేను పడిపోయాను. చదువుకున్నదాన్ని, ల్యాబులో తెల్లకోటు వేసుకునేదాన్ని, ఆ ఊపుకి పడిపోయాను.

ఇక ప్రతి మంగళవారం, పదో నిమిషం గాలి తీయడం అవగానే లామ్ వచ్చేవాడు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఐసు కాఫీ, అందులో డబ్బా పాలు, పైన స్ట్రా. చిన్నప్పటి నుంచి ఒంటి వెదురు వంతెనల మీద పరిగెత్తినవాడు కదా, పలకల మీద చెప్పుల్లేకుండా గంతులేస్తూ వచ్చేవాడు.

"మెల్లగా బావా! పలక ఊగుతోంది."

"ఊగకపోతే అది పలకెందుకవుతుంది, సిమెంటు రోడ్డవుతుంది."

"ఇంకా రెండుసార్లు తీయాలి. నన్ను మాట్లాడించకు."

"మాట్లాడించను. నువ్వు తాగు, నేను నిన్ను చూస్తా."

"చూస్తే నవ్వొస్తుంది. నవ్వితే సిరంజి వణుకుతుంది."

"అయితే వరిని చూస్తా" అని రెండు క్షణాలు ఎంతో శ్రద్ధగా వరిని చూసి, మళ్ళీ నా వైపు తిరిగేవాడు.

వంటింట్లోంచి అత్తయ్య కేక వినిపించేది. "ఒరేయ్ చిన్నోడా, ఆ పిల్లని పని చేసుకోనీరా! ఏడో బాబాయి బాతులు కూడా మేత మానేసి మీ వంకే చూస్తున్నాయి!"

ఐదు మంగళవారాల సీసాలు కాంథో నగరంలోని మా ల్యాబుకి వెళ్ళాయి. ఓ గురువారం పొద్దున్న మా ల్యాబు పెద్ద ట్రిన్ మేడమ్ దగ్గర్నుంచి ఫలితాలు ఫోనుకి వచ్చాయి. మూడు పెట్టెల సగటు చూశాను. మళ్ళీ చూశాను. ఆరబెట్టిన మా మడి, నీళ్ళు నిండిన ఏడో బాబాయి మడికన్నా కాస్త ఎక్కువే వదులుతోందని ఉంది.

అబద్ధం చెప్పే అలవాటు లేక అన్నం దగ్గర చెప్పేశాను. మావయ్య చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టారు. "ఊఁ" అన్నారు. అంతే. అత్తయ్య మాత్రం సాయంత్రం కూరగాయల పడవ దగ్గర "మా కోడలికి దిగులుగా ఉంది, దానికి గుమ్మడి పువ్వులివ్వు" అని చెప్పి, ఎందుకు దిగులో కూడా చెప్పి వచ్చింది. మర్నాటికి వార్త కాలువ రెండు ఒడ్డులకీ పాకిపోయింది.

"ఏమ్మా చిన్నోడి పెళ్ళామా! నా మడి మంచిదని నీ పెట్టెలే చెప్పాయంటగా! ఆ పెట్టెలకో దండ వెయ్యాలి" అని ఏడో బాబాయి పడవ ఆపి మరీ నవ్వాడు.

ఆదివారం మళ్ళీ రైతుల సమావేశం. శుక్రవారం సాయంత్రం మావయ్య కొట్టంలోంచి మోటారు బయటికి తీసి, బెల్టుకి నూనె రాసి తుడవడం చూశాను. తిట్టినా బాగుండేది. నేను గదిలోకి వెళ్ళి, మిగిలిపోయిన పెళ్ళి కార్డుల వెనక వైపు చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో పెట్టెకి, ఒక్కో మంగళవారానికి ఒక్కో ఎర్ర కార్డు.

మొదటి పెట్టెకి తిన్నని గీత వచ్చింది, అదీ ఎక్కువ పైకి లేవకుండా. రెండో పెట్టెకీ అంతే. మూడో పెట్టె దగ్గర నా పెన్ను ఆగిపోయింది. మొదలు, పదో నిమిషం, రెండూ కిందే ఉన్నాయి. ఇరవయ్యో నిమిషానికి మాత్రం చుక్క కార్డు పైఅంచుకి ఎగిరిపోయింది. గీత వాలుగా లేదు, మేడమెట్టులా ఉంది. నాలుగు మంగళవారాలు ఇదే తంతు. నడుమ ఒక్క మంగళవారం, మూడోది, గీత పిల్లపాపిడిలా తిన్నగా ఉంది.

ఆ మంగళవారం ఏం జరిగింది? ఆలోచించాను. ఆ రోజు నాకు కాఫీ లేదు. లామ్ పడవ ఇంజనుకి రెక్క కోసం పట్నం వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే పలక మీద నిలబడి, నోరు ఎండిపోయి, వాడి మీద బెంగ పెట్టుకున్నాను.

ఆ కార్డు చేతిలోకి తీసుకున్నాను. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి మంచం మీద పడ్డాను. లామ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"బల్ల బావా! మనిద్దరం కూర్చుంటే బల్ల కాళ్ళు బురదలోకి దిగుతున్నాయి. ఆ వెదురుకాళ్ళు సరిగ్గా పెట్టె పక్కనే ఉన్నాయి. బుడగలన్నీ పెట్టె లోపలికే పోతున్నాయి."

వాడు కార్డు తిప్పి చూశాడు. ఒకవైపు మా పేర్లు, రెండోవైపు మేడమెట్టు.

"అంటే మనం నవ్వుకుంటూ భూమిని వేడెక్కించామన్నమాట" అన్నాడు, ఛాతీ విరుచుకుని.

"గర్వపడకు! మావయ్య మోటారు తుడుస్తున్నారు."

అప్పుడు వాడి మొహం మారింది. నాదీ మారింది. ట్రిన్ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విన్నారు. అవతల ఏదో తాగుతూ పొలమారినట్టు అనిపించింది.

"ఆ నాలుగు రోజుల మూడో పెట్టె లెక్కలు కొట్టెయ్. కారణం రాయి."

"కారణం ఏమని రాయను మేడమ్?"

"జరిగింది రాయి. కానీ కుయెన్, ఆ లెక్కలు తీసేస్తే చాలావరకు రెండు పెట్టెల మీదే నిలబడాలి. రైతులు దాన్ని ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. బల్ల పీకించి ఇంకోసారి కొలువు."

మావయ్యకి శనివారం పొద్దున్నే చెప్పాను. తల దించుకుని చెప్పాను, చెవులు కాలిపోతుండగా చెప్పాను. ఆయన బెల్టు చేతిలో పట్టుకుని చాలాసేపు విన్నారు. "ఇది నాకు చెబితే సరిపోదమ్మా. నేను మాటిచ్చింది ఊరికి. రేపు నువ్వే చెప్పు. వాళ్ళు కాదంటే నీళ్ళు పెడతాను" అన్నారు.

ఆదివారం మా పెరట్లో, మా పెళ్ళికి కట్టి ఇంకా విప్పని పందిరి కిందే సమావేశం. నలభై మంది మధ్య నిలబడి, బల్ల సంగతి, కాఫీ సంగతి, ఇద్దరం కూర్చోవడం, అన్నీ చెప్పాను. పెళ్ళికార్డుల చుక్కలు చూపించాను. ముందు వరసలోని ముసలమ్మ ఒకావిడ, "నవ్వారంతేనా, ఇంకేమైనానా?" అంది. పందిరి కూలిపోతుందేమో అన్నంత నవ్వు. లామ్ అరటి చెట్టు వెనక్కి తప్పుకున్నాడు.

ఏడో బాబాయి మాత్రం చెయ్యెత్తి నవ్వు ఆపాడు. "అమ్మాయ్, నువ్వు మంచిదానివే. కానీ నచ్చని లెక్క పారేసి నచ్చిన లెక్క ఉంచుకుంటే, నా పొలం కూడా స్వర్గమే. బల్ల వల్లే అని నమ్మకమేంటి?"

అది సరైన ప్రశ్న. నేనైనా అదే అడిగేదాన్ని.

"రండి బాబాయ్, చూపిస్తాను. మడికి మొన్ననే తడిచ్చారు, నాలుగువేళ్ళ నీళ్ళున్నాయి. మీరే కూర్చుందురుగాని."

అందరూ గట్టెక్కారు. ముందు మావయ్య పలకల మీద నడిచి బల్ల మీద ఓ చివర కూర్చున్నారు. ఏమీ కాలేదు. ఏడో బాబాయి బరువు మావయ్యకి రెట్టింపు. ఆయన పలక మీద అడుగులో అడుగేస్తూ వెళ్ళి, పొట్ట సర్దుకుని, మావయ్య పక్కన కూలబడ్డాడు. బల్ల కిర్రుమంది. వెదురుకాళ్ళు వేలెడు దిగాయి. మూడో పెట్టె చట్రం చుట్టూ నీళ్ళు బుడబుడబుడమని ఉడుకుతున్న జావలా పొంగాయి.

"ఓరి నాయనో!" అని ఏడో బాబాయి కాళ్ళు పైకెత్తాడు. ఆ కదలికకి మరిన్ని బుడగలు.

"మా ఆయన కూర్చుంటే నిమ్మళంగానే ఉందిగా" అని అత్తయ్య గట్టు మీంచి అంది. "మీరెక్కాకే మడికి గ్యాసు పట్టింది."

"వదినా, నేను పొద్దున ఒక్క గిన్నె గంజే తాగాను!"

"ఒక్క గిన్నె సరే, ఏ సైజుది?"

నవ్వులన్నీ అయ్యాక ఏడో బాబాయి గట్టెక్కి చేతులు దులుపుకున్నాడు. "బల్ల సంగతి ఒప్పుకున్నాను. మడి సంగతి ఇంకా ఒప్పుకోలేదు. మంగళవారం మళ్ళీ కొలవాలి. నేను కాపలా ఉంటా. మూడో పెట్టె లెక్క నా మడి దానిలో సగం కూడా లేకపోతే గొట్టాలకి సరే. సగం దాటిందా, నాలుగో అన్న నీళ్ళు పెడతాడు."

"పెడతాను" అన్నారు మావయ్య. రంపం తెచ్చి లామ్ చేతికిచ్చారు.

పాపం లామ్. పిల్లకి జుట్టు తీయించే తండ్రిలా ఆ బల్లని కోశాడు. కాళ్ళు పీకితే బురద మళ్ళీ కదులుతుందని, వాటిని నీటిమట్టం దగ్గరే కోయించి లోపలి ముక్కల్ని అలాగే వదిలేశాం.

మంగళవారం ఏడో బాబాయి ఎనిమిదికి ముందే వచ్చేశాడు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, లామ్‌ని పక్కన కింద కూర్చోబెట్టుకున్నాడు. పలకల దారికి అడ్డంగా కాలు చాపాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళి మూడు పెట్టెలూ బోర్లించాను. నలభై అడుగుల దూరంలో నా మొగుడు, వాడి చేతిలో నా కాఫీ, అందులో కరిగిపోతున్న నా ఐసు.

"పదో నిమిషం!" అని అరిచాడు బాబాయి. ఆయనకి నాకన్నా తొందర.

"నాకు గడియారం ఉంది బాబాయ్!"

"నీ గడియారం పెళ్ళి గడియారం. నాది చూసి తియ్యి!"

లామ్ దూరం నుంచి పెదవులు కదుపుతూ ఏదో చెబుతున్నాడు. చూడకూడదని వరిని చూశాను. వరి కూడా నవ్వుతున్నట్టే ఉంది. ఊపిరి బిగబట్టి ఇరవయ్యోది తీశాను.

"బాబాయ్, ఆ కాఫీ నాది!" అన్నాను, ఆయన స్ట్రా నోట్లో పెట్టుకోవడం చూసి.

"సాక్ష్యం చెడిపోకూడదని దాస్తున్నాను" అన్నాడు ఆయన, చివరి చుక్కదాకా పీల్చి.

ముప్పయ్యోది కూడా తీసి సీసాలకి మూతలు బిగించాను.

గురువారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. నేను అప్పుడు వంటింట్లో చేపకి పసుపు రాస్తున్నాను. పసుపు వేళ్ళతోనే ఫోను తెరిచి, పసుపు వేళ్ళతోనే ఎర్ర కార్డు మీద నాలుగు చుక్కలు పెట్టాను. తిన్నని గీత. మూడో పెట్టె, మొదటి రెండు పెట్టెల మాటే చెప్పింది. ఏడో బాబాయి మడితో పోలిస్తే పదింట నాలుగు వంతులకి లోపే.

ఒక్క పరుగున పెరట్లోకి వెళ్ళాను. మావయ్య మోటారు దగ్గరే ఉన్నారు, బెల్టు తొడిగి, మోటారు లాగే తాడు చేతికి చుట్టుకుని. గెలుస్తామని ఎదురుచూడలేదు ఆయన. ఓడితే ఆలస్యం చెయ్యకూడదని సిద్ధంగా ఉన్నారు.

"సగానికి తక్కువే మావయ్యా!" అన్నాను. కార్డు ఇచ్చాను.

ఆయన కార్డుని దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. చేతికి చుట్టుకున్న తాడు విప్పారు. బెల్టు తీసి మేకుకి తగిలించారు. కార్డు తిప్పి అటువైపు ఉన్న మా పేర్లు కూడా చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. "పసుపు అంటింది. శుభం" అన్నారు.

గట్టు అవతల నుంచి ఏడో బాబాయి గొంతు. ఎప్పుడు వచ్చాడో ఏమో. "సగానికి తక్కువంటే ఎంతేంటి?"

"పదిలో నాలుగు కూడా లేదు బాబాయ్!"

ఆయన తన మడి వైపు చూశాడు, మా మడి వైపు చూశాడు, తల గోక్కున్నాడు. "గొట్టాలకి చిల్లులు పెట్టేది ఎవరు? మన చిన్నోడేనా? నాకు దగ్గరదగ్గరగా పెట్టమను. నా మడి కొంచెం మొండిది." రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "బల్లలు మాత్రం వద్దని చెప్పు."

లామ్ ఆ బల్లకి కొత్త కాళ్ళు వేసి కాలువ ఒడ్డున, పడవల రేవు పక్కన పాతాడు. ఇప్పుడు పనయ్యాకే అక్కడ కూర్చుంటున్నాం. గుర్రపుడెక్క మధ్య అప్పుడప్పుడు ఒక బుడగ పైకొచ్చి టప్పుమంటుంది.

"అది నీవల్లే" అంటాడు లామ్.

"కాదు, నీదే బరువు" అంటాను.

కాగితం నింపి మేడమ్‌కి పంపాను. కొట్టేసిన లెక్కల పక్కన కారణం అన్న గడిలో ఇలా రాశాను: ఒకరు ఉండాల్సిన చోట ఇద్దరున్నారు. ఆవిడ ఏమీ దిద్దకుండా సంతకం పెట్టి పంపించారు. ఇవాళ విత్తిన యాభై రెండో రోజు, వరి పొట్ట మీదుంది.